అక్క మోచేతి ఎత్తు

మా బావకు నవ్వడం రాదు. పెదాలు కదపకుండా ముక్కులోంచి ఒక గాలి వదులుతాడు, అదే ఆయన నవ్వు. అక్కను చేసుకున్న నాటి నుంచి ఆ గాలి నా మీదే వదులుతున్నాడు. నేను ఉద్యోగంలో చేరినా, బండి కొన్నా, పాల్మాకులలో ఇల్లు కట్టుకున్నా, ముందు ఆ గాలి వినిపించేది, తర్వాతే మాట వచ్చేది. బావాబామ్మర్దులన్నాక వేళాకోళం ఉంటుంది, కాదనను. కానీ వేళాకోళమంటే ఇద్దరికీ నవ్వు రావాలి కదా. నాకు ఏనాడూ రాలేదు.

ఆయనకు శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద ప్లైవుడ్ దుకాణం ఉంది. నేను ఎయిర్‌పోర్టులో కార్గో షెడ్డులో పనిచేస్తాను. ఏ పెట్టె ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోవాలి అని చూసి పంపడం నా పని. పెట్టె చేయడం మాత్రం నాకు రాదు. గోడకు మేకు కొట్టినా సగం గోడ రాలేది.

అలాంటివాణ్ని పోయినేడు బోనాల పండుగకు అక్క వాళ్లింట్లో భోజనానికి కూర్చొని, వీడియో గేమ్ డబ్బా చేస్తానని నోరు జారాను. చిన్నప్పుడు శంషాబాద్ బస్టాండు వెనక ఒక షట్టర్ గదిలో ఉండేవే, నిలువెత్తు చెక్క డబ్బా, లోపల టీవీ, ముందు ఒక స్టిక్, పక్కన బటన్లు, అలాంటిది. పాత కంప్యూటర్ తెర ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంది. లోపలి సామాను ఆన్‌లైన్లో దొరుకుతుంది. చెక్క పని ఒక్కటి నేర్చుకుంటే అయిపోతుందని చెప్పాను. చెబుతున్నంతసేపు నాకే ఎంతో ఉత్సాహంగా ఉంది.

బావ గాలి వదిలాడు. "ఏంది బామ్మర్దీ, కట్టె కోసుడు డబ్బాల మీద స్టిక్కర్ అతికించినట్టు అనుకుంటున్నవా? మూలమట్టం ఏ దిక్కు పట్టుకోవాల్నో తెలుసా నీకు?"

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు ఊరుకోవడం అలవాటు లేదు. "నీకు తెలిసే కద బావా, మా వంటింట్ల కబ్బోర్డులు మొదటి వానకే ఉబ్బినయ్. తలుపు పడాలంటే మోకాలు పెట్టి నూకుతున్నం," అన్నాను.

ఆ కబ్బోర్డులు ఆయనే దగ్గరుండి బిగించినవి. వరసగా కూర్చున్న బంధువులందరూ విన్నారు. ఎవరో నవ్వారు కూడా. బావ ముఖం మాడిపోయింది. అన్నం ముద్ద పళ్లెంలో పెట్టేసి, నా వైపు వేలు చూపించాడు.

"గా డబ్బా సక్కగ నిలబెట్టు. నిలబెట్టిన నాడే నీ గడప తొక్కుత. నేనైనా, మీ అక్కైనా. గప్పటిదాక మా ఇంటి మనిషి నీ ఇంటికి రాదు."

"రాకుండ్రి," అన్నాను. "నిలబెట్టినంకనే పిలుస్త."

అక్క అప్పుడు నా పక్కనే నిలబడి మటన్ కూర వడ్డిస్తోంది. గరిటె నా పళ్లెం దాకా వచ్చి, అలాగే వెనక్కు పోయింది. నాకు కూర పడలేదన్న సంగతి ఇంటికొచ్చాక గాని గుర్తు రాలేదు. అప్పుడు నా కళ్లకు బావ వేలు ఒక్కటే కనిపిస్తోంది.

మా అమ్మానాన్నలు పోయాక అక్కకు తల్లిగారిల్లు అంటే నా ఇల్లే. ఏడాదంతా వచ్చినా రాకపోయినా దసరా సాయంత్రం మాత్రం తప్పకుండా వస్తుంది. జమ్మి ఆకు నా చేతిలో పెడుతుంది, నేను కాళ్లకు మొక్కుతాను, రాత్రి తిని పోతుంది. అమ్మ చనిపోయిన ఏడు కూడా అది తప్పలేదు. కాబట్టి దసరా లోపల ఆ డబ్బా నిలబడాలి. నిలబడకపోతే అక్క రాదు. ఇదీ నేను కొని తెచ్చుకున్న తంటా.

బావ దుకాణంలో కొనే ప్రశ్నే లేదు. తుక్కుగూడ దాకా పోయాను. అక్కడి దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "మీ బావది ప్లైవుడ్ దుకాణమే కద అన్నా, గింత దూరం ఎందుకొచ్చినవ్?" అన్నాడు. ఈ లైనులో అందరికీ అందరూ తెలుసన్న సంగతి నేను మరిచిపోయాను. "ఆయన దగ్గర మంచి మాల్ లేదు," అన్నాను. ఆ మాట ప్లైవుడ్ కంటే ముందే శంషాబాద్ చేరింది. మరునాటికల్లా మా చిన్నమ్మ ఫోన్ చేసి, బావ దుకాణం పరువు తీయడానికి నేను ఊరూరా తిరుగుతున్నానట కదా అని అడిగింది. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

మేడ మీద రేకుల కింద పని పెట్టుకున్నాను. వానాకాలం. రేకుల మీద చినుకుల మోత, దాని పైన విమానాల మోత. మా ఇంటి మీదుగా ఎన్ని విమానాలు పోయినా పక్కింటాయనకు నిద్ర పడుతుంది. నేను రంపం మిషన్ ఆన్ చేయగానే గోడ మీదుగా తల పైకొచ్చేది. "ఏం చేస్తున్నవన్నా, జర పరేషాన్ అయితుంది," అనేవాడు. విమానానికి లేని అభ్యంతరం నా రంపానికి ఎందుకని ఒకరోజు మొహం మీదే అడిగాను. ఆ తర్వాత ఆయన కూడా నాతో మాట్లాడడం మానేశాడు. నేను విమానం వచ్చేదాకా ఆగి, అది నెత్తి మీదికి రాగానే కోయడం మొదలుపెట్టేవాణ్ని. విమానం పోగానే ఆపేవాణ్ని. అందుకే నా కోతల్లో ఒక్కటి కూడా తిన్నగా ఉండదు. ఎక్కడెక్కడ విమానం వెళ్లిపోయిందో ఆ అంచు చూసి చెప్పవచ్చు.

చెక్క నామీద పగబట్టినట్టే ఉండేది. డ్రిల్లు పెట్టిన చోట పగిలేది, పెట్టని చోట పెచ్చు లేచేది. స్క్రూ సగం దిగి మొండికేసేది. ఇంకాస్త తిప్పితే తల ఊడి చేతికొచ్చేది. మూలమట్టం ఏ దిక్కు పట్టుకోవాలో నాకు నిజంగానే తెలియదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నప్పుడల్లా బావ ముక్కులోంచి గాలి వినిపించేది. వాన తగ్గిన రోజు కూడా నాకు అది వినిపించేది.

పక్క చెక్కలు రెండూ కోసి, వాటికి నల్ల సన్మైకా అతికించిన రోజు నాకు నేనే భుజం తట్టుకున్నాను. జిగురు ఆరాక రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టాను. ఒకదానికి నలుపు బయటి వైపు ఉంది. రెండోదానికి లోపలి వైపు ఉంది. రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టి, ఒకే వైపు అతికించడంతో వచ్చిన చిక్కు అది. కుడి చెక్క, ఎడమ చెక్క అద్దంలో చూసినట్టు ఎదురెదురు ఉండాలని నా బుర్రకు తట్టలేదు. సన్మైకా పీకితే చెక్క కూడా దాంతో లేచి వచ్చింది. నా నోట్లోంచి వచ్చిన మాటలకు మా ఆవిడ కింద నుంచి పైకొచ్చి, ఆ చెక్కను, నన్ను చూసి, ఏమీ అనకుండా దిగిపోయింది. ఏదైనా అని ఉంటే దెబ్బలాడే వీలుండేది. మళ్లీ తుక్కుగూడ పోయి ఇంకో చెక్క తెచ్చేసరికి దసరా దగ్గరపడింది.

ఎత్తు విషయంలో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. ఆ షట్టర్ గది నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. బీడీ పొగ, చీకటి, తెర వెలుగు. అక్క నన్ను తీసుకుపోయేది. అమ్మ కూరగాయలకు పంపితే ఇద్దరం ముందు అక్కడ దూరేవాళ్లం. ఆడపిల్లలు ఎవరూ రాని చోటు అది. పెద్ద పిల్లలు అక్కను చూసి గుసగుసలాడేవాళ్లు. అక్క వాళ్ల మొహం కూడా చూసేది కాదు. స్టిక్ నాది, బటన్లు తనవి. నేను చేతులు పైకి చాచి, గడ్డం దాకా ఎత్తి స్టిక్ పట్టుకునేవాణ్ని. నా తల మీదుగా అక్క బటన్లు నొక్కేది. మేం ఓడిపోయిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ పట్టు నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. కాబట్టి గోడ పక్కన నిలబడి, కళ్లు మూసుకొని, చేతులు పైకెత్తి, గడ్డం దగ్గర గీత గీశాను. స్టిక్ అక్కడ బిగించాను.

మా ఆవిడ చూసి, "గింత ఎత్తా? ఎవలు ఆడుతరు దీన్ల?" అంది.

"నీకు తెల్వది. గిట్లనే ఉంటుండె," అన్నాను.

ఆమెకు నిజంగానే తెలియదు. ఆమె ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. నా ధీమా అది.

దసరా రోజు నాకు పొద్దుటి డ్యూటీ పడింది. డబ్బా దాదాపు అయిపోయింది. కింద అడుగు చెక్క బిగించి, నిలబెట్టడమే మిగిలింది. అప్పటిదాకా అది మేడ మీద వెల్లకిలా పడి ఉంది. మధ్యాహ్నం వచ్చాక గంటలో పని. సాయంత్రానికి ఫోటో తీసి పెడితే బావకు దిమ్మ తిరగాలి, అక్క రావాలి. అంతా లెక్క ప్రకారమే ఉంది.

డ్యూటీకి పోయే ముందు నాకు ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకు ప్రతిసారీ బండి, కత్తిపీట పెడతాం. ఈసారి నాకు సొంతంగా పనిముట్లు ఉన్నాయి. రంపం, డ్రిల్లింగ్ మిషన్, స్క్రూడ్రైవర్లు, మూలమట్టం అన్నీ దేవుడి ముందు పీట మీద పేర్పించాను. మా ఆవిడ పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసింది. మూలమట్టాన్ని అందరికీ కనిపించేలా ముందు పెట్టాను. ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. బావ కోసమే పెట్టాను. వేరే ఎవరి కోసమూ కాదు.

షెడ్డులో ఉండగా బావ జవాబు వచ్చింది. మాటలు మానేశాక ఆయన నాకు రాసిన మొదటి ముక్క అది. "పూజల పెట్టినవ్ కద బామ్మర్దీ. ఇగ రేపటిదాక పనిముట్లకు సెలవేనా?"

నా చేతిలోని స్కానర్ కింద పడింది. పూజకు పెట్టిన పనిముట్టు మరునాడు పొద్దున తీసేదాకా ముట్టకూడదు. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. దుకాణం నడిపే మనిషి గనక ఆయనకు చూడగానే వెలిగింది. నాకు మాత్రం ఆయన మీది కసిలో అది తట్టలేదు. ఆయన ఏమీ చేయనక్కర లేకుండా నా రంపాన్ని నేనే తీసుకుపోయి దేవుడి దగ్గర కట్టేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో దెబ్బలాడాను. ఒక్క స్క్రూడ్రైవర్ తీస్తానన్నాను. ఆమె దేవుడి గది తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"పెట్టుమన్నది ఎవలు? ఫోటో తీసింది ఎవలు? బొట్టు పెట్టినంక రేపు పొద్దుగాల దాక ముట్టద్దు. మీ బావతోని కొట్లాట ఉంటే బయట పెట్టుకో, దేవుని తానకు తేకు."

పక్కింటాయన దగ్గర స్క్రూడ్రైవర్ అడగవచ్చు. కానీ ఆయనతోనూ చెడింది. శంషాబాద్‌లో బావ తెలియని దుకాణం లేదు, ఉన్నా పండుగనాడు తెరవరు. మేడ మీదికి పోయి ఆ డబ్బా పక్కన కూర్చున్నాను. దాన్ని తన్నాను కూడా. కాలికి దెబ్బ తగిలింది. ఊరంతా కొత్త బట్టలు కట్టుకొని జమ్మి చెట్టు దగ్గరికి పోతున్నారు. నాకు ఏడుపొచ్చింది. డబ్బా కోసం కాదు. చీకటి పడుతోంది, అక్క రాదు, రావద్దన్నది బావ ఒక్కడే కాదు.

గేటు చప్పుడైంది. కిందికి తొంగి చూస్తే అక్క. ఒంటరిగా ఆటో దిగి వస్తోంది, కొంగు చివర జమ్మి ఆకు మూట కట్టుకొని. మా ఆవిడ "వదినా" అంటూ ఎదురెళ్లింది. అక్క ఆమె చేతిలో జమ్మి పెట్టి, నేరుగా మేడ మెట్లెక్కి పైకి వచ్చింది.

"నిలబడ్డదా?" అంది.

"లేదక్కా. రేపు..."

"తెలుసు. ఫోటో చూసిన. మీ బావ పొద్దటి సంది నవ్వుతనే ఉన్నడు. అందుకే ఇయ్యాల్నే వచ్చిన. నిలబడ్డంక వస్తే ఆయన మాట మీద వచ్చినట్టయితది."

నాకు ఒక్కసారి పట్టరాని గెలుపు అనిపించింది. బావ మాట కాదని వచ్చింది. అది నా మొహంలో కనిపించి ఉంటుంది. అక్క గొంతు మారింది.

"నువ్వేం మురవకు. రాకుండ్రి అన్నది ఎవలు? నేను పక్కన్నే ఉన్న. గరిటె చేతుల పట్టుకొని ఉన్న. నా తల్లిగారింటికి నేను ఎప్పుడు రావాల్నో మీరిద్దరు కూసొని పందెం కట్టుకున్నరు. ఒక్కడన్న నా దిక్కు చూసిండా?"

"అక్కా, ఆయనే ముందు..."

"వానకాలం మొత్తం రంపం పట్టుకొని కూసున్నవ్. ఒక్క ఫోన్ చేసి రా అక్కా అననీకి నోరు రాలే నీకు."

అప్పుడే వీధిలో హారన్ మోగింది. బావ కారు. అక్క వెనకే వచ్చినట్టున్నాడు. దిగలేదు. దిగితే గడప తొక్కాలి, తొక్కితే మాట పోతుంది. గేటు బయటే ఆపి హారన్ కొడుతున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నేను కూడా ముక్కులోంచే నవ్వాను, అది నా చెవికే వినిపించింది.

"నవ్వకు," అంది అక్క. "ఆయన హారన్, నీ రంపం, రెండూ ఒక్కటే."

హారన్ మళ్లీ మోగింది. అక్క కదల్లేదు. వెల్లకిలా పడి ఉన్న డబ్బా చుట్టూ తిరిగి చూసింది. వంకర అంచుల మీద వేలు రాసింది. స్టిక్ దగ్గర ఆగి, అడుగు నుంచి అక్కడిదాకా చూపుతో కొలిచి, "గింత ఎత్తు ఎవలకు పెట్టినవ్?" అంది.

"గట్లనే ఉంటుండె కదక్కా. గడ్డం కాడికి."

"నీ గడ్డం కాడికి. నా నడుము కాడికి ఉంటుండె." ఆమె చేయి తన నడుము పక్కన ఆగింది. "నువ్వప్పుడు గింత పోరడివి."

ఆ వానాకాలమంతా నేను కోసింది, మళ్లీ కోసింది, గోడ పక్కన కళ్లు మూసుకొని గీసింది, అంతా నా గడ్డం గురించే. ఆ డబ్బా ముందు నిలబడి ఆడిన మనిషి ఇంకొకరు కూడా ఉన్నారని, ఆమెకు అది ఎంత ఎత్తులో ఉండేదని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. స్టిక్ అటూ ఇటూ తిప్పింది నేనే, గెలిపించింది మాత్రం బటన్లు.

పెన్సిల్ ఒక్కటి పూజలో పెట్టలేదు. చెవి మీదే ఉంది. "జర గోడ పక్కన నిలబడక్కా," అన్నాను. ఏమనుకుందో, నిలబడింది. మోచేయి మడిచి, బటన్లు నొక్కుతున్నట్టు వేళ్లు ముందుకు పెట్టింది. ఆ మోచేతి కింద గోడ మీద గీత గీశాను. పైనున్న నా గీతకూ దానికీ మధ్య రెండు జానల దూరం ఉంది. కింద హారన్ మోగుతూనే ఉంది. ఈసారి నేను నవ్వలేదు.

అక్క నా చేతిలో జమ్మి పెట్టింది. కాళ్లకు మొక్కాను. అక్క దగ్గరకు తీసుకోలేదు. అన్నం తినమంటే వద్దంది. మెట్లు దిగి, మా ఆవిడకు చెప్పి, తొందరపడకుండా నడుచుకుంటూ గేటు దాటింది. బావ తలుపు తెరిచినట్టు వినిపించింది. అక్క ముందు సీట్లో కూర్చోలేదు, వెనక కూర్చుంది.

మరునాడు పూజ పీట మీది పనిముట్లు తీసి, కుంకుమ బొట్టు ఉన్న రంపంతోనే పక్క చెక్కల ముందు అంచు కోసి, స్టిక్ పలకను విప్పి, గోడ మీది కింది గీతకు దించాను. విమానాల కోసం ఆగలేదు. పక్కింటాయన తల పైకొస్తే, జర సేపు ఓర్చుకోమన్నాను. అడుగు చెక్క బిగించి, మా ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని లేపాం. నిలబడింది. ఒక మూల కింద అట్టముక్క మడిచి పెట్టాల్సి వచ్చింది. నా ఎత్తుకు నేను కాస్త వంగి ఆడాలి. ఇప్పటికీ మా వంటింటి కబ్బోర్డులు ఉబ్బే ఉన్నాయి, ఆ మాట వెనక్కి తీసుకోను. బావ ఇప్పటికీ రాలేదు, నేను పిలవలేదు.

ఫోటో తీయడానికి ఫోన్ పైకెత్తాను. గ్రూపు తెరిచాను. బావ రాసిన ముక్క కిందే మెరుస్తోంది. నిలబడ్డ డబ్బా ఫోటో దాని కింద పడితే ఎంత బాగుంటుందో చేతులకు తెలుసు. గ్రూపు మూసేసి, అక్కకు ఫోన్ చేశాను.

"నిలబడ్డదా?" అంది ఎత్తగానే.

"గా ముచ్చట అడగకక్కా. నేను చెప్ప. ఉత్తగనే రా."

అవతల అక్క ఎక్కడో వంటింట్లో ఉన్నట్టుంది, గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఇప్పుడు పిలిచినవ్," అంది.